తలుపుకు గొళ్ళెం ఏ వైపు

నాకు శాలువా కప్పి ఇంటికి పంపించి ఏడాదైంది. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది. నేను చేసింది ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచరు పని. మొదట నాగర్‌కర్నూల్ వైపు, తర్వాత మా సొంతూరు వనపర్తిలో, చివరి తొమ్మిదేళ్ళు గద్వాల అవతల గట్టు మండలంలో చేశాను. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ప్రమోషన్ల గురించి చెప్పడానికేమీ లేదు. ఆ అధ్యాయం రాసే శ్రమ పైవాళ్ళే తప్పించారు. పింఛను కూడా లేదు. ఇంకొకరి పింఛను కోసం నేను పడ్డ తిప్పలు ముందు ముందు వస్తాయి, అక్కడ నవ్వుకోవడానికి ఈ ముక్క పనికొస్తుంది.

మొన్న ఈ పనిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. "పర్వీన్ మేడం, ఆటిజం పిల్లలతోని ఎట్లుండాలె, జర టిప్స్ చెప్పండ్రి" అంది. ఫోన్లో చెప్పగలిగిన టిప్స్ అన్నీ నాకూ వచ్చు తల్లీ. వాటితోనే ఒకప్పుడు ఒక ఇంటి తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టించాను. ఆ సంగతే రాస్తున్నాను.

మూడు దెబ్బలు

గోవిందమ్మ ఇల్లు గట్టుకు నాలుగు మైళ్ళ దూరంలో, ఊరి పిండిగిర్నికి ఆనుకుని ఉంటుంది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగు పని చేస్తాడు, పండక్కి వస్తే వస్తాడు. ఆమె పత్తి చేలల్లో కూలికి పోతుంది. కూతురు మంజులకు నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పదమూడేళ్ళు. బడి రిజిస్టర్‌లో పేరుంది, బడిలో మనిషి లేదు. ఆటిజం అన్న మాట ఆ ఇంట్లో మొదట పలికింది నేనే. అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళు తలా ఒక పేరు పెట్టారు, అవి ఇక్కడ రాయను.

మంజులకు చెవులు చురుకు. మనకు మామూలుగా వినపడేది ఆమెకు నెత్తిమీద కొట్టినట్టుంటుంది. తెల్ల గిన్నెలోని పెరుగన్నం తప్ప తినదు. కొత్తమనిషి వస్తే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నేను వెళ్ళిన రోజున కూడా గోడవైపే ఉంది. అంతలో పక్క గిర్నిలోంచి ఎవరో డబ్బా మీద టంగు టంగుమని మూడుసార్లు కొట్టారు. మంజుల గబుక్కున లేచి, తండ్రి పాత మంకీ టోపీ చెవుల మీదికి లాక్కుని, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. అప్పుడు గిర్ని మోటారు మొదలైంది.

"ఏందిది?" అన్నాను.

"గిర్ని తిమ్మప్ప కొడ్తడు టీచరమ్మా. మోటారు ఏసే ముందుగాల గింజలు కొలిచే డబ్బా మీద మూడు దెబ్బలు. గట్ల కొడ్తే లోపలికి పోతది. కొట్టకుంట ఏస్తే ఉరుకుతది."

"ఎవరు చెప్పిండ్రు గిట్ల చేయమని?"

"ఎవరు చెప్తరు? ఒకపారి ఉరికింది, తిమ్మప్పనే పట్టుకొచ్చిండు. ఆయనకే తోచింది."

ఏ శిక్షణా లేని ఒక గిర్ని మనిషి, ఏ చదువూ లేని ఒక కూలి తల్లి కలిసి జరగబోయేది ఆ పిల్లకు ముందే చెప్పే పద్ధతి కనిపెట్టారు. మేం ట్రైనింగులో మూడు రోజులు కూర్చుని, భోజనం చేసి, సంతకం పెట్టి నేర్చుకున్నది ఇదే. కానీ నేను దాన్ని గుర్తుపట్టలేదు. ఎందుకంటే ట్రైనింగులో దాని పేరు వేరే ఉంది, దానికి రంగుల బొమ్మ ఉంది. ఇక్కడ తుప్పు పట్టిన డబ్బా ఉంది.

నా సలహా

ఆ వారమే నేను తిమ్మప్పను కలిశాను. అరవై ఏళ్ళ మనిషి, కనుబొమ్మల నిండా జొన్నపిండి. "డబ్బా కొట్టుడు బంద్ చెయ్ పెద్దాయనా" అని చెప్పాను. "రేపు బస్సులు, లారీలు, పెళ్ళి బ్యాండు, ఇవన్నీ డబ్బా కొట్టి వస్తయా? చప్పుడుకు అలవాటు పడాలె. రోజూ వింటుంటే భయం అదే పోతది."

ఆయన కనుబొమ్మల పిండి దులుపుకున్నాడు. "నువ్వు సదువుకున్నదానివి అమ్మా. నువ్వు చెప్తే బంద్ చేస్త. కానీ ఉరుకుతదేమో జర సోంచాయించు."

"ఉరకదు" అన్నాను నేను, ఆ పిల్లను అప్పటికి రెండుసార్లు చూసిన అనుభవంతో.

మూడో రోజు మధ్యాహ్నం మోటారు చప్పుడుకు మంజుల ఇంట్లోంచి ఉరికింది. గోవిందమ్మ చేలో ఉంది. తిమ్మప్ప మోటారు ఆపి బయటికి వచ్చేసరికి పిల్ల కనపడలేదు. ఊరు ఊరంతా వెతికింది. పొద్దు వాలే వేళకు ఒక గొర్లకాపరికి కాలువ గట్టున దొరికింది, రెండు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉందట. ఆ కాలువలో ఆ నెల నీళ్ళు నిండుగా పోతున్నాయి.

నాకు కబురు అందింది మర్నాడు. గద్వాల బస్టాండులో ఉన్నాను, ఎక్కాల్సిన బస్సు వదిలేసి గట్టు బస్సెక్కాను. వెళ్ళేసరికి గోవిందమ్మ తలుపు వేసి కూలికి బయల్దేరుతోంది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటి తలుపుకు బయటివైపు కొత్త గొళ్ళెం మెరుస్తోంది.

"నేను కూలికి పోయినప్పుడు ఏస్త" అంది. "వచ్చినంక తీస్త. ఇంకేం జెయ్యాలె చెప్పు? ఇంట్ల కూసుంటే ఎవరు పెడ్తరు మాకు?"

"తిమ్మప్పతో మళ్ళీ డబ్బా కొట్టిద్దాం."

"కొడ్తుండు. నువ్వు జెప్పినవని మూడుదినాలు బంద్ చేసిండు, మల్ల ఆయనకు ఆయనే కొడ్తుండు. కానీ నాకు భయమైతుంది టీచరమ్మా."

లోపలినుంచి మంజుల తలుపును నెట్టి చూస్తోంది. గొళ్ళెం టకటకమంటోంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల అలా లోపల ఉంటుందన్నమాట. ఆ నెల నా రిపోర్టులో "తల్లికి భద్రతపై అవగాహన కల్పించడమైనది" అని రాశాను. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

ఆ గొళ్ళెం ఊడబీకించడమే ఇక నా పని అనుకున్నాను. దానికి దారి ఒక్కటే. గోవిందమ్మ ఇంటి పట్టున ఉండాలి. "పింఛనొస్తే కూలి బంద్ చేస్త, ఇంటికాడనే పల్లీలు ఒలుసుకుంట ఉంట" అని ఆమే చెప్పింది. పింఛను కావాలంటే వైకల్య సర్టిఫికెట్ కావాలి, అందులో కనీసం నలభై శాతం పడాలి. సర్టిఫికెట్ కావాలంటే క్యాంపుకు పోయి డాక్టరు ముందు కూర్చోవాలి. మంజుల కూర్చోదు. కాబట్టి కూర్చోవడం నేర్పుదాం అనుకున్నాను. మంచి ఉద్దేశంతో చేసే తప్పులే మన పనిలో ఎక్కువ, వాటిని పట్టుకోవడం కూడా కష్టం.

మూడు చక్రాల బండి

మధ్యలో మా అధికారి గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మన ఉద్యోగం మీకు పూర్తిగా అర్థం కాదు. ఆయన చెడ్డవాడు కాదు. ఫోటోలంటే ప్రేమ, అంతే. ఒక ఏడాది ఉపకరణాల పంపిణీలో మూడు చక్రాల బండ్లు మిగిలిపోయాయి. "మీ లిస్టులో ఇంకా ఎవరున్నారు?" అని అడిగితే మంజుల పేరు చెప్పాను, కార్డులు, బొమ్మల అట్టలు ఏమైనా ఇస్తారేమోనని. బండి ఇచ్చారు.

"సార్, ఆ అమ్మాయి కాళ్ళు బాగున్నాయి. కిలోమీటరు ఉరుకుతుంది" అన్నాను.

"ఇంకా మంచిది కదమ్మా, బండి పాడవదు" అన్నాడాయన.

మంజుల ఫోటోకు రాలేదు. గోవిందమ్మ బండి మీద కూర్చుని ఫోటో దిగింది. ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది, ఊళ్ళో ముసలివాళ్ళ జొన్నల సంచులు గిర్నికి మోస్తోంది. నా సర్వీసులో ఇప్పించిన ఉపకరణాలన్నిటిలోకీ అంత బాగా వాడకంలో ఉన్నది ఇంకోటి లేదు.

నూటికి నూరు

మంజులకు కూర్చోవడం నేర్పడానికి రెండేళ్ళు పట్టింది నాకు. పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి బొమ్మలు గీశాను. బస్సు, మెట్లు, కుర్చీ, జోడించిన చేతులు, మళ్ళీ బస్సు, ఇల్లు. వారానికి రెండు రోజులు అట్టలు ఒక్కొక్కటిగా మంజుల చేతిలో పెట్టి ఆ పని చేయించేదాన్ని. అట్ట చూస్తే ఆమెకు నెమ్మది. తర్వాత ఏమవుతుందో తెలిస్తే ఆమె మనందరికంటే బుద్ధిమంతురాలు. కళ్ళలోకి చూడమని కూడా నేర్పబోయాను. ఒకసారి గడ్డం పట్టి నావైపు తిప్పాను. ఆమె ఏడవలేదు, గట్టిగా కళ్ళు మూసుకుంది. అది తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

మాట కూడా నేర్పాను. పేరడిగితే "మంజుల. గోవిందమ్మ బిడ్డ. గట్టు మండలం" అని చెప్పాలి. వచ్చేసింది. నేను మురిసిపోయాను.

క్యాంపు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఏ ఊరో చెప్పను, ఆ డాక్టరు మంచివాడే. ఆయన ముందు వందమంది ఉన్నారు, ఫ్యాన్లు రెండు ఉన్నాయి, అందులో ఒకటి తిరుగుతోంది. మా చుట్టూ పిల్లలు ఏడుస్తున్నారు, దొర్లుతున్నారు. ఒక అబ్బాయి డాక్టరు స్టెతస్కోపు లాగాడు. వాళ్ళ తల్లుల ముఖాల్లో భయం లేదు, పైగా కొంచెం ధైర్యం కనపడింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మంజుల వంతు వచ్చింది. అట్ట చూసుకుంది. మెట్లెక్కింది. కుర్చీలో కూర్చుంది. చేతులు జోడించింది.

"పేరేంటమ్మా?"

"మంజుల. గోవిందమ్మ బిడ్డ. గట్టు మండలం."

"భేష్. బాగానే ఉంది కదా! ఎవరు నేర్పారు?"

"నేనే సార్" అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినపడింది.

"వెరీ గుడ్ టీచర్. ఇట్లా పని చేసేవాళ్ళు ఉండాలి" అని ఆయన కాగితం మీద రాసి పక్కకు తోశాడు. తర్వాత మంజులను వయసెంత అని అడిగాడు. ఆమె మళ్ళీ "మంజుల. గోవిందమ్మ బిడ్డ. గట్టు మండలం" అంది. అప్పటికే ఆయన తర్వాతివాళ్ళను పిలిచేశాడు.

ముప్పై శాతం వేశాడు. నలభైకి తక్కువైతే పింఛను లేదు. స్టెతస్కోపు లాగిన అబ్బాయికి డెబ్బై పడ్డాయి.

తిరిగి వచ్చే బస్సులో గోవిందమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.  గట్టులో దిగేటప్పుడు అంది, "మంచిగ నేర్పినవ్ టీచరమ్మా. జర తక్కువ నేర్పితే పని అయిపోతుండె." ఆ మర్నాడు ఆమె కూలికి పోయింది. పోతూ పోతూ బయట గొళ్ళెం వేసింది.

దొంగ పని

ఏడాది తర్వాత మళ్ళీ క్యాంపు పడింది. వారం ముందే గోవిందమ్మ నాతో తేల్చి చెప్పింది. "ఈపారి ఆ అట్టలు ఇయ్యకు. చేతులు జోడించుడు వద్దు, కూసునుడు వద్దు. అందరి పిల్లలు ఎట్ల ఉంటరో గట్ల ఉండనీ. ఒక్క దినమే గద."

ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు నేర్పడమే పనిగా బతికినదాన్ని, ఒక పిల్లకు వచ్చినది చెడగొట్టడానికి సిద్ధపడ్డాను. అట్టలు నా సంచీ అడుగున దాచాను. బస్సులో మంజుల చెయ్యి చాపింది, అట్ట కోసం. నేను కిటికీవైపు చూశాను. మళ్ళీ చాపింది. నేను మళ్ళీ ఇవ్వలేదు. 

కానీ ఈ టీచరమ్మ రెండేళ్ళు నేర్పిన పాఠం అంత తేలిగ్గా పోతుందా? మంజులకు అట్టలు అక్కర్లేకపోయాయి. మెట్లెక్కింది. కుర్చీలో కూర్చుంది. చేతులు జోడించింది. అదే డాక్టరు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. నా సర్వీసు మొత్తంలో ఒకే ఒక్క పాఠం నూటికి నూరుపాళ్ళు వచ్చింది, అది కూడా రాకూడదని నేను అల్లాకు మొక్కుకున్న రోజున.

"ఈ అమ్మాయిని నిరుడే చూశాను కదా" అన్నాడు. "ఇంకా మెరుగైంది. మళ్ళీ ఎందుకు తెచ్చారు?"

నేను నోరు తెరిచేలోపు గోవిందమ్మ ముందుకొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టింది.

"సారూ, బిడ్డ కూసున్నది సూసినవ్. కూసోవెట్టినోళ్ళను సూసినవా?"

"అంటే?"

"జర నా మాట ఇను. పొద్దుగాల ఆమె లేవకముందే పొయ్యి ముట్టిస్త. పొగ సూస్తే ఇంట్లకు రాదు. అన్నం తెల్ల గిన్నెలనే. గిన్నె పగిలిననాడు రెండు దినాలు తినలే. నెత్తి దువ్వాలంటే ముందుగాల దువ్వెన ఆమె చేతికిచ్చి నా నెత్తి దువ్వించుకోవాలె, అప్పుడు ఆమెది దువ్వనిస్తది. నెలనెలా వచ్చేది ప్రతిపారీ ఆమెకు కొత్తనే, భయపడి ఏడుస్తది. కడుపు నొస్తే నొస్తుందని చెప్పరాదు, నేనే మొకం సూసి తెలుసుకోవాలె. ఈడికి రావాలంటే వారం దినాల సంది చెప్తున్న, ఏ బస్సు, ఎన్ని మెట్లు, ఎంతసేపు అని. కిటికీ సీటు లేదని ఇయ్యాల మూడు బస్సులు ఇడిసినం. మా గిర్ని తిమ్మప్ప మోటారు ఏసే ముందు డబ్బా కొడ్తడు. ఈ టీచరమ్మ రెండేండ్లు తిరిగింది. ఇంతమంది పట్టుకుంటే గీ కుర్చీల ఐదు నిమిషాలు కూసున్నది. నేను కూలికి పోయినప్పుడు బయట గొళ్ళెం పెట్టి పోత సారూ, పశువును కట్టేసినట్టు. నీ కాగితం మీద ఐదు నిమిషాలే రాస్తవా? మిగిలిన దినమంత ఎవరు రాయాలె?"

 డాక్టరు పెన్ను కింద పెట్టాడు. మంజులవైపు తిరిగి, ఈసారి నెమ్మదిగా అడిగాడు. "నీకు ఆకలైతే ఏం చేస్తావమ్మా?"

"మంజుల. గోవిందమ్మ బిడ్డ. గట్టు మండలం."

"రోడ్డు మీద తప్పిపోతే?"

"మంజుల. గోవిందమ్మ బిడ్డ. గట్టు మండలం." చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నేను విప్పడం నేర్పలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, గోవిందమ్మను కూర్చోమన్నాడు. కుర్చీ తెప్పించి ఆమె చెప్పినదంతా మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుని రాసుకున్నాడు. ఎంత శాతం వేశాడో చెప్పను. సరిపోయింది.

నేను సంచీలోంచి అట్టలు తీసి, "బస్సు, ఇల్లు" బొమ్మలున్న రెండూ మంజుల చేతిలో పెట్టాను. ఆమె వాటిని లాక్కుని వీపు వెనక దాచుకుంది. మళ్ళీ దాస్తానని భయం కాబోలు. నాకు ఏడుపొచ్చింది, ఫంక్షన్ హాలు కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు వెళ్ళే ప్రతి ఇంట్లో మీకంటే సీనియరు ఒకరు ఉంటారు. జీతం ఉండదు, సెలవు ఉండదు, రిజిస్టర్‌లో పేరు ఉండదు. వెళ్ళగానే సలహా ఇవ్వకండి. ముందు ఆమె దినం ఎలా గడుస్తుందో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడిగి రాసుకోండి. నేను నాలుగేళ్ళలో అడగలేదు. ఆ డాక్టరు అడిగాడు, అదీ ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి నిలదీశాక.

పోయిన నెల

పోయిన నెల మంజులను చూద్దామని వెళ్ళాను. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు ఆమెకు. గోవిందమ్మ అరుగు మీద చేట ముందేసుకుని పల్లీలు ఒలుస్తోంది. నన్ను చూసి నవ్వి, "రా టీచరమ్మా, కూసో" అంది. నేను కూర్చోకుండా అలవాటుగా తలుపు తోశాను. రాలేదు. మళ్ళీ తోశాను.

"లోపల గొళ్ళెం ఉంది" అంది గోవిందమ్మ. "పింఛను పడ్డ నెలనే తిమ్మప్ప బయటిది పీకి లోపల కొట్టిండు. గిర్ని ఏసినప్పుడు ఏసుకుంటది, ఎవరన్న వచ్చినప్పుడు ఏసుకుంటది. ఆమె ఇష్టం. గట్ల తోసుడు కాదు, మూడుపార్లు కొట్టు. తిమ్మప్పకైన, నాకైన, ఎవరికైన గదే."

మూడుసార్లు తట్టాను. చాలాసేపటికి గొళ్ళెం కదిలిన చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. మంజుల నా ముఖం చూడలేదు, నా చేతులు చూసింది. అట్టలు లేవు. పని లేని టీచరుతో ఆమెకేం పని? నిదానంగా తలుపు వేసి, లోపలినుంచి గొళ్ళెం పెట్టుకుంది.

గోవిందమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "రిటైర్ అయినవని నేనే చెప్పిన."

తలుపు మీద బయటివైపు పాత గొళ్ళెం ఉన్నచోట మేకుల బెజ్జాలు నాలుగు ఉన్నాయి, ఎవరూ పూడ్చలేదు. వాటి కింద అరుగు మీద కూర్చుని, సాయంత్రం గద్వాల బస్సు వచ్చేదాకా పల్లీలు ఒలిచాను.